గాలికి పడిపోని బోర్డు

ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఆగస్టు కార్చిచ్చుల పొగ కమ్మేసిన పొద్దున, పొరుగు రైతు పికప్ ఇంజను ఆపకుండానే కిటికీలోంచి పీచ్ పండ్ల బుట్ట అందించాడు. ఊరి అగ్నిమాపక బోర్డు ఎన్నికల్లో నిలబడ్డ ఆమె అందుకుంది.

"పోటీ నుంచి తప్పుకోరాదూ?"

"ఎందుకు తప్పుకోవాలి? ఆ బ్యాలెట్ మీద పార్టీల పేర్లే ఉండవు కదా."

"ఉండకపోతేనేం, నువ్వు గ్రీన్ పార్టీ అని ఊరందరికీ తెలుసు. ఆ పెద్ద పార్టీల్లో ఏదో ఒకటైతే తిట్టుకుంటూనైనా సర్దుకుపోయేవాళ్ళం."

"ఫైరింజను స్టేషన్లో కాకుండా బోర్డు చైర్మన్ పశువుల షెడ్డులో ఎందుకుందని అడిగాను. అది అడగడానికి పార్టీ ఎందుకు?"

"అదే అడక్కుండా ఉండాల్సింది. ఇంజను నడిపేది ఆయన కొడుకులేనమ్మా."

"ఆ ఇంజను మీద వెళ్ళేవాళ్ళలో మీరూ ఉన్నారుగా."

"నేను వెనకాల కూర్చునేవాణ్ణి. బండి ఎటు తిప్పితే అటే పోతాను."

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో, పండ్లు తెచ్చినవాణ్ణి పట్టుకుని ఆ మాటేంటి! నీ ఇల్లేమో దారికి ఆ చివరెక్కడో. ఈ పొగలో మాకెలా కనబడుతుందా అని నా దిగులు."

"గేటు దగ్గర మెరిసే ఇంటి నంబరు పలక ఉందిగా! దాన్ని చూసే కదా మీరు మలుపు తిరిగేది."

"ఔను, దాన్ని చూసే. రాత్రి గాలి గట్టిగా వీచింది. ఓసారి వెళ్ళి చూసుకో."

పికప్ వెళ్ళిపోయాక ఆమె గేటు దాకా నడిచింది. తన ఎన్నికల ప్రచార బోర్డు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. పక్క స్తంభానికి నంబరు పలక లేదు. దాని స్క్రూలు మాత్రం స్తంభం కింద రాయి మీద, వరసగా పేర్చి ఉన్నాయి.