బెల్లం వెయ్యని తీపి జావ

అసిరమ్మంట, బెల్లం కుండని చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెకి తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకున్న మనిషి. మొగుడు తవిటయ్య ఎప్పుడైనా చిన్న ముక్క అడిగితే "పండక్కి సూద్దాంలే" అనేదంట. ఏ పండక్కో మాత్రం చెప్పేది కాదు. ఆ తాళంచెవి ఆవిడ చేతికి ఎలా వచ్చిందనుకున్నారు? వాళ్ళత్త ముసలితనంలో ఓ పూట అంబలిలో ఉప్పు మీద ఉప్పు వేసింది. అంతే, "మా అత్తకి మతి తప్పింది" అని ఊరంతా చెప్పేసి, ఆ పూటే తాళంచెవి లాగేసుకుంది. అందుకని ఇప్పుడు తనకి వయసొచ్చేసరికి ఒకటే బెంగ. ఏదైనా మర్చిపోయానా, ఈ తాళంచెవి కోడలు లాక్కుంటుంది అని. పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కొచ్చేది. వచ్చి చూసి, ఆర్పే ఉంటే, ఎప్పుడు ఆర్పానా అని మళ్ళీ బెంగ.

కోడలు పైడితల్లి కాపరానికి కొత్తగా వచ్చింది. కొడుకు బండి కట్టుకుని సంతల వెంట తిరిగేవాడు, ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే అనుకోండి. పొద్దున్నే చోడిజావ కాసే పని కోడలికి అప్పజెప్పారు. చోళ్ళంటే రాగులేనమ్మా, మా వైపు అలాగంటాం. ఆ పిల్ల ఏం చేసేదంటే, ముందు గుప్పెడు నూకలు మెత్తగా ఉడకబెట్టేది, చోడిపిండిని చన్నీళ్ళలో కలిపి ఉండ కట్టకుండా అందులో పోసేది, సన్న సెగ మీద తెడ్డుతో తిప్పి, తిప్పి, తిప్పి, దింపేముందు గేదెపాలు పోసేది. జావ మీగడలాగ జారేదంట. తవిటయ్య ఒక గుక్క తాగి, "ఇదేటే, తియ్యగుంది!" అని గిన్నె నాకేశాడు. అసిరమ్మ తాగింది. తియ్యగానే ఉంది. "బెల్లం ఏసినావేటే పైడీ?" "లేదత్తా." "మరి తీపెక్కడిదే?" పిల్ల తల దించుకుని, "సెప్పకూడదత్తా" అంది. చెప్పకూడదంట! దొంగ కాకపోతే ఆ మాట ఇంకెవరంటారు, మీరే చెప్పండి.

అసిరమ్మ వెళ్ళి పెట్టె తెరిచింది. కుండలో బెల్లం ఉంది. ఎంత ఉండాలో మాత్రం గుర్తు రాలేదు. అందుకని ఏం చేసిందంటే, బెల్లం ముద్ద మీద బొటనవేలు గట్టిగా నొక్కి గుర్తు పెట్టింది. మర్నాడు జావ తియ్యగుంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే వేలిముద్ర వేలిముద్రలాగే ఉంది. "అయితే దొంగ తిని, నానే మళ్ళీ ఏలు నొక్కి మరిసిపోయినానా?" అనుకుంది పాపం. ఇక మనుషుల్ని నమ్మి లాభం లేదని జావ చుక్క తెచ్చి గడప మీద వేసింది. చీమలు బారులు తీరి వచ్చేశాయి. "సూసినారా! మనిసి అబద్దమాడతాది గానీ సీమ ఆడదు" అని మొగుణ్ణి పిలిచి చూపించింది. తవిటయ్య వంగి చూసి, "నాకు ఇంకో సుక్క పొయ్యడానికి నీకు మనసు రాదు గానీ సీమలకి పోసినావా?" అన్నాడంట. ఆయన ఏడుపు ఆయనది.

ఎక్కడున్నాను? ఆ, చీమల దగ్గర. అప్పట్నుంచి బెల్లం కుండ పక్కలో పెట్టుకుని పడుకోవడం మొదలెట్టింది. చీమలు కూడా వచ్చి పక్కలోనే పడుకున్నాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఆ దద్దుర్లు గోక్కుంటూ ఒకరోజు గేదెల సాలలోకి వెళ్ళింది. అక్కడ దూలానికి ఒక తడి మూట వేలాడుతోంది. విప్పి చూసింది. చోళ్ళు! నీళ్ళు తగిలి, తెల్లటి తోకలొచ్చి, మొలకలెత్తేశాయి. ఇంకో అత్త అయితే కోడల్ని కేకేసి ఉండును. ఈవిడకి తన మతి మీదే అనుమానమొచ్చింది. "దేవుడా, ఇయి నానే నానబెట్టి మరిసిపోయినాను! ఎవులైనా సూస్తే తాళంచెవి పోయినట్టే" అనుకుని, అటూ ఇటూ చూసి, మూటంతా గేదె తొట్లో పోసేసి, గుడ్డ ఉతికి ఆరేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. గేదె మాత్రం హాయిగా నమిలింది.

ఇంట్లో ముందు విసిరిన పిండి కొంచెం ఉంది, దాంతో కొన్ని పూటలు తియ్యగానే గడిచాయి. పిండి అయిపోయింది. పిల్ల మామూలు చోళ్ళు విసిరి జావ కాసింది. చప్పగా ఉంది. ఇంకేముంది! అసిరమ్మ కుండ చంకనెత్తుకుని వీధిలోకి ఉరికింది. మొగుడి అక్క సన్యాసమ్మ, వీధిలో ఆడవాళ్ళ తగువులు తీర్చే మనిషి, ఆవిడ్ని చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. "వదినా, నాను కుండని కాపలా కాసినాను, జావ సప్పబడింది. దొంగ దొరికినట్టా, కాదా?" సన్యాసమ్మ ఒక గుక్క తాగి, మూతి తిప్పి, "దొరికినట్టేనే. పైడీ, బట్టలు మూట కట్టుకో. మీ అయ్యకి కబురెట్టి పుట్టింటికి పంపేస్తాం. దొంగ కోడలు మా ఇంటా వంటా లేదు" అంది.

పైడితల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని ఏమందంటే, "అత్తా, మా అమ్మోళ్ళింట్లో ఒక కట్టడి ఉంది. మొలక కట్టిన మూట గురించి నోరెత్తకూడదు. నోరెత్తితే దిష్టి తగిలి కుళ్ళిపోతాదంటారు. అందుకే సెప్పలేదు. ఇప్పుడు మూటే లేదు, ఇంక సెప్తాను. చోళ్ళు నానబెట్టి, మూట కట్టి, మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, తోకలు నలిపేసి, దోరగా ఏపి విసురుతాం. ఆ మొలకలోనే తీపి ఉంటాది. బెల్లం అక్కర్లేదు." అని చాటలో మిగిలిన మొలక గింజలు నాలుగు తెచ్చి అత్త నోట్లో వేసింది. "నమిలి సూడత్తా."

అసిరమ్మ నమిలింది. ముందు మట్టి వాసనే. ఇంకాస్త నమిలింది. మెల్లగా, నాలిక అడుగునుంచి తీపి ఊరింది. ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందంటే, కుండ కింద పెట్టేసి రెండు చేతులూ చరిచింది. "అయితే ఆ మూట నాను నానబెట్టింది కాదన్నమాట! నాకు మతి తప్పలేదు! నాను దేన్నీ మరిసిపోలేదు! అనవసరంగా గేదె తొట్లో పోసీసినాను!"

సన్యాసమ్మ మెల్లగా, "ఏటి పోసినావే?" అంది. అసిరమ్మ నాలిక కరుచుకుంది. తవిటయ్యే అందుకున్నాడు, "దీని మతి సుబ్బరంగుందక్కా. నోటికే తాళం లేదు." అప్పటిదాకా ఏడుస్తున్న పైడితల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గేదె మొన్న పాలెక్కువిచ్చిందత్తా, నాను అమ్మోరి దయనుకున్నాను" అంది. అసిరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, "ఉండిపోయే పిల్లా. మొలక మూట ఎక్కడ కట్టినా నాకు సెప్పు. సెప్పకపోతే నానే కట్టినాననుకుని సచ్చిపోతాను" అందంట.

మరి తాళంచెవి కోడలికి ఇచ్చిందా అని అడుగుతారు. ఆవిడ అంత తేలిగ్గా ఇస్తుందా! బెల్లం పెట్టెకున్న తాళం ఊడదీసి, చోళ్ళ గాదెకి వేసింది. తీపంతా అక్కడుందని తెలిసింది కదా! ఇక బెల్లం వైపు చూసినవాళ్ళు లేరు. మూత తీసున్న కుండని చీమలే ఖాళీ చేశాయంట. పోన్లెద్దురూ, పిలవగానే వచ్చి సాక్ష్యం చెప్పాయి, సాక్షులకి ఆ మాత్రమైనా ముట్టొద్దా!