ఒకే వరుసలో

తాల్కా అనే ఊళ్లోని బడిలో ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలిపి ఒకేచోట ఓటు వేయనివ్వడం అదే మొదటిసారి. ఓ ముసలి జంట వరుసలో ముందూ వెనకా నిలబడింది.

"ఇన్నేళ్లూ నువ్వో బడి, నేనో బడి. ఇవాళ ఒకే వరుసలో ఉన్నాం కాబట్టి నిజం చెప్పు. సైన్యంతో దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఆ జనరల్ ఇంకా ఏలాలా వద్దా అని ఓటు పెట్టిన రోజున పెన్సిల్ గీత దేనిమీద గీశావు?"

"మీరు 'ఏలాలి' మీద గీయమన్నారుగా."

"గీశావా?"

"లేదు. 'వద్దు' మీదే గీశాను. ఇరవై నాలుగేళ్లు దాచాను, తిట్టుకోండి."

"తిట్టడమెందుకే! నేనూ అక్కడే గీశాను."

"మరి నాకలా చెప్పారేం?"

"మీ అన్న పోలీసు కదా! నోరు జారతావని భయం."

"అయ్యో దేవుడా! మా అన్నయ్యా 'వద్దు' మీదే గీశాడండీ. మీకు మాత్రం చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు."