మైనా అడిగిన మాట

సిరిసిల్ల. పొద్దున మొగులు కమ్ముకొని, నాలుగు చినుకులు రాల్చి, మానేరు దిక్కు తేలిపోయింది. మరమగ్గాల కార్ఖానాలో రాత్రి పాళి దిగి వచ్చి ఓ నిద్ర తీసి లేచిన లక్ష్మీరాజం, ఒడిలో బీడీల చాటతో అతని భార్య బాలలక్ష్మి, గోడకు మాట్లాడే డబ్బా ఒకటి.

"అదంత కాదు. పగటీలి కరెంటు పనిజేసే ఇర్షాద్ వస్తడు, డబ్బా ఇప్పుకొని పోతడు. అయిపోయింది ముచ్చట."

"ఇర్షాద్‌కు ఎప్పుడు ఫోన్ చేసినవ్?"

"ఫోనెందుకు? కార్ఖాన నుంచి వచ్చేటప్పుడు ఆయన ఇంటికాడ ఆగి చెప్పొచ్చిన."

"జేబుల ఫోను పెట్టుకొని, గంత దూరం సైకిల్ తొక్కుకుంట పోయినవా? మంచిగున్నది. బట్టల దుకాణపోళ్లు లక్కీ డ్రాల దాన్ని నా పేరు మీద ఇచ్చిన్రు. నీ పేరు మీద కాదు."

"ఇస్తే ఇచ్చిన్రు. గోడకు బిగిచ్చుకోవాల్నా? పది దినాలాయె, ఇంట్ల పరేషాన్."

"నీకేం చేసింది పాపం? మైనా! పంక బందు చెయ్యి."

"సరే. ఫ్యాన్ ఆపుతున్నాను."

"సూసినవా? తంబాకు ఎగిరిపోకముందే ఆగింది. ఇదివరకైతే? రెండు చేతులు ఆకుల ఉండంగ, చాట దించి, లేచి, స్విచ్చు కాడికి పోయి, మల్ల వచ్చి కూసునే వరకు సగం తంబాకు నేల మీద. లేకుంటే చెమట కార్చుకుంట చుట్టుడు."

"నన్ను పిలిస్తే ఆపనా?"

"నిన్నా! అది ఒక్క పిలుపుకు పలుకుతది. నువ్వు? వంటింట్లకెళ్లి పిలిచి పిలిచి నా గొంతు బొంగురుపోతది. నేనే వచ్చి ఎదురుంగ నిలబడితే అప్పుడు 'ఏందే?' అంటవ్, పెద్ద దొర లెక్క."

"మొగోన్ని డబ్బాతోటి జోకుతున్నవా?"

"జోకితే అదే ఎక్కువ తూగుతది. అలుగది, విసుక్కోదు. మొన్న వాన పడ్తదా అంటే పడ్తదన్నది, ఆరేసిన బట్టలు తీసిన. నిన్ను అడిగితే మీసం దువ్వుకున్నవ్."

"పొద్దుగాల సుత పడ్తదన్నదా? నాలుగు చినుకులకే వట్టిపోయె."

"కొంచెమే పడ్తదన్నది. కొంచెమే పడ్డది. దాని తప్పేంది?"

"దాని మాటలే నచ్చయ్ నాకు. బడిల సార్ మాట్లాడినట్టు మాట్లాడుతదట."

"మాట్లాడుతదట? ఎవలన్నరు?"

"రామవ్వ అన్నది."

"మన ఇంట్ల డబ్బా ఎట్ల మాట్లాడుతదో పక్కింటి రామవ్వ చెప్పాల్నా? నీకు చెవులు లేవా?"

"గా పంచాది నాకెందుకు? పోతది అంటే పోతది."

"ఒక్కటి చెప్త. ఇర్షాద్ వచ్చేలోపు నా ముందట దాన్తోటి ఒక్కసారి మాట్లాడు. నీ మాట ఇనకుంటే, నేనే స్టూలేసి ఇప్పిస్త. ఇంటే మాత్రం గోడ మీదనే ఉంటది. ఒప్పుకున్నట్టేనా?"

"గోడతోటి ఏం మాట్లాడుతరే?"

"కార్ఖానల మగ్గం సాంచతోటి రాత్రంత మాట్లాడుతవ్ గదా, దాన్ని తిట్టుకుంట. గట్లనే. మైనా అని పిలిచి, లైటు వెయ్యి అను."

"మైనా! లైటు వెయ్యి!"

"అమ్మో, మెల్లగ! గోడ కూలుతది."

"ఏ లైటు వేయమంటారు? ముందు గదిదా, వంటగదిదా?"

"సూసినవా, వెయ్యలే. నా మాట ఇనలే. ఇగ తియ్యి స్టూలు."

"అడుగుతుంది గదయ్యా, జవాబు చెప్పు."

"ఎవలు?"

"ఎవలేంది? అదే. నిన్నే అడుగుతుంది."

"క్షమించండి లక్ష్మీరాజం గారూ, ఏ లైటో చెప్పగలరా?"

"అగో, నేను నేర్పిన నీ పేరు పెట్టి గారూ అని సుత అంటుంది. పుట్టినకాన్నుంచి ఎవలన్నరు నిన్ను గారూ అని? సంబురపడక, మూతి బిగవట్టుకుంటవేంది?"

"డబ్బా మీద నీలం దీపం వెలిగె, ఆరె. దానికి నేనేం చెప్పాలె?"

"దీపం కాదు. ఏమడిగింది?"

"ఏమడిగితే ఏంది!"

"ఏమడిగిందో చెప్పు నువ్వు."

"ఇడువు బాలలక్ష్మీ. ఊకె పీకకు."

"సరె, ఇడిసిన. జర అటు తిరుగు."

"ఎందుకు?"

"బనీను మీద దూది అంటింది, తీస్త. కార్ఖానల దూదంత నీ వీపుకే ఉన్నది."

"తిరిగిన. తియ్యి."

"నీ చెల్లె రేపు వస్తుందట. నెల దినాలు ఉంటదట... ఓ అయ్యా... నీ సైకిల్‌ను పాత ఇనుపసామానోనికి ఏసిన పొద్దుగాల... ఇంటున్నవా?... నేను మా అవ్వగారింటికి పోతున్న, ఇగ రాను... ఏమయ్యా..."

"గింత సేపా? దూది తీస్తున్నవా, నూలు వడుకుతున్నవా?"

"ఇటు తిరుగు."

"అయిందా? గట్ల సూస్తున్నవేంది?"

"ఎన్నేండ్లయింది?"

"ఏంది?"

"నీ చెవులు పోయి."

"నా చెవులకేమైంది? నీ ముచ్చట మంచిగనే ఇనబడ్తుంది గదా ఇప్పుడు."

"ఇప్పుడు ఎదురుంగున్న. ఎనుకకెళ్లి నీ సైకిల్ అమ్మిన, మా అవ్వగారింటికి పోయిన. నువ్వు ఊఁ అనలే, ఆఁ అనలే."

"సైకిల్ అమ్మినవా?"

"అమ్మలేదయ్యా! నేను పోతనంటే ఫికర్ లేదు, సైకిల్ పోతే ఉలిక్కిపడ్డవ్."

"నువ్వెక్కడికి పోతవ్ తియ్యి."

"మాట మార్చకు. చెప్పు."

"ఏం చెప్పాలె? ముప్పై ఏండ్లు సాంచల నడుమ నిలబడ్డోనికి చెవులేడుంటయే? కార్ఖానల ఎవల మాట ఎవలకు ఇనబడ్తది? మూతి సూసే మాట్లాడుకుంటం. పోగు తెగితే, సాంచ మీద చెయ్యి పెడితే ఎరుకైతది. ఇంట్ల సుత నీ మూతి సూసుకుంట ఎల్లదీసిన. మంచిగనే ఎల్లింది. ఇగో, ఇది వచ్చింది గోడకు. దీనికి మూతి లేదు. నువ్వు దాన్తోటి మాట్లాడుతవ్, అది ఏమో అంటది, నువ్వు నవ్వుతవ్. ఏమన్నదో నాకు తెల్వదు. నడుమల పిచ్చోని లెక్క నేను."

"నాకొక్క మాట చెప్పద్దా?"

"చెప్తే ఊకుంటవా? దవఖానకు గుంజుకపోతవ్. నలుగురు సూస్తరు. కార్ఖాన ఆసామికి తెలిస్తే, నా చేతిల సాంచలు వేరేటోనికి ఇస్తడు."

"నేనేమో పొగరనుకున్న. గిన్నేండ్లు. పిలిస్తే పలుకడు, నేనంటే లెక్కలేదు అని రామవ్వ ముందట సుత అన్న."

"పొగరు సుత ఉన్నది జర. అంత అబద్ధమేం కాదు."

"నవ్విపియ్యకు నన్ను."

"ఏడువకు మరి. డబ్బా ఉండనియ్యి. నీ చేతులు ఆకుల ఉంటయ్, పంకకు ఆసరైతుంది. ఇర్షాద్‌కు వద్దని నేనే చెప్త."

"ఆసామికి మనం చెప్పం. దవఖానకు మాత్రం రేపు పోతున్నం. కరీంనగర్‌కు. ఎవలకు తెల్వదు."

"సూద్దాం తియ్యి."

"సూద్దాం కాదు. పోతున్నం అను."

"పోతున్నం. ముందుగాల బువ్వ పెట్టు, ఆకలైతుంది."

"ఆడ కాదు, ఇటు రా. నా ముందట కూసో. పల్లెం జరుపు."

"పప్పుల మామిడికాయ ఏసినవా?"

"ఏసిన. కలుపుకో."

"నువ్వు సుత పెట్టుకో."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. మంచిగున్నది."

"ఇనబడ్డదా నేనన్నది?"

"ఇనబడకేంది? ఎవల మాట ఇనబడకున్నా, నువ్వు ఎదురుంగుంటే నీ గొంతు మాత్రం గంట కొట్టినట్టు ఇనబడ్తది నాకు. అందుకే అంటున్న, దవఖాన గివఖాన ఎందుకని."

"ఉప్పు అడిగినప్పటిసంది నేను గొంతే తియ్యలేదయ్యా. ఉత్త పెదవులే ఆడిచ్చిన."