ఆ డబ్బాలు తెరవకండి

అమ్మలారా, అయ్యలారా, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ దండం. నిజం చెప్పమంటారా? ఈ హాలు ఇంతగా నిండడం చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆయన సినిమాలు ఆడినప్పుడు ఎక్కడున్నారు మీరంతా? అప్పుడు ముందు వరసలో ఒక కుక్క పడుకునేది. ఇంటర్వెల్లో అదీ లేచిపోయేది. సంతాప సభలో దెప్పకూడదంటారు గానీ, నా నోరు ఊరుకోదు. ఆయన సినిమాల్ని తెర మీద ఆడించిన ప్రొజెక్టర్ ఆపరేటర్ని నేను. మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చాలాసార్లు ఆ రెండూ ఒకటే ఆట.

ఆయన్ని ‘ఆగండి మాస్టారు’ అని ఎందుకు పిలిచేవాళ్ళం? లోకంలో ఏ డైరెక్టరైనా ‘స్టార్ట్’ అంటాడు. ఈయన నోట ‘ఆగండి’ తప్ప మరో మాట వచ్చేది కాదు. దర్జీ కొట్లో సినిమా తీశారు చూడండి, మిషను చక్రం మీద కిటికీలోంచి ఎండ పడినంతసేపే షూటింగు. పాపం దర్జీ, అదే చొక్కా భుజం కుట్టడం, ‘ఆగండి’ అనగానే విప్పడం, మళ్ళీ కుట్టడం. ఆ చొక్కా ఒక పెళ్ళికొడుకుది. అతను వచ్చి నడుం మీద చేతులేసుకుని, “ఏంటండీ, నా చొక్కాకి హీరో వేషమిచ్చారా?” అన్నాడు. మాస్టారు కెమెరా మీంచి తల తిప్పకుండా, “హీరోయిన్ వేషం బాబూ, అందుకే ఆలస్యం” అన్నారు. అతను చివరికి పాత చొక్కాతోనే పెళ్ళి చేసుకున్నాడట. తెర మీద మాత్రం ఆ బట్ట ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. నేను ఎన్ని సినిమాలు ఆడించలేదు! బట్టని అలా చూసినవాణ్ణి మళ్ళీ చూడలేదు.

డైరెక్టరూ ఆయనే, కెమెరామనూ ఆయనే. ఆ ఇద్దరికీ పడి చచ్చేది కాదు. “డైరెక్టరుగారు బాగుందన్నారు. ఈ కెమెరామన్ వెధవే ఒప్పుకోవడం లేదు” అని తనని తానే తిట్టుకుంటూ మళ్ళీ మొదలెట్టేవారు. ఒకసారి అలిగి అన్నం మానేశారు. ఎవరి మీదండీ అలక అంటే, “అదింకా తేలలేదు” అన్నారు.

నవ్వండి, ఫరవాలేదు. నేను చెప్పాల్సింది ఇంకా మొదలుపెట్టలేదు. మొదలుపెట్టడానికి ధైర్యం చాలడం లేదు.

ఫిల్ము సంగతి తెలియని పిల్లలకి రెండు ముక్కలు. కెమెరాలోంచి తీసిన ఫిల్ము మీద బొమ్మ ఉంటుంది, కానీ ల్యాబులో కడిగేదాకా కనబడదు. ఈలోపు పిసరంత వెలుతురు తగిలిందా, అంతే సంగతులు. అందరూ డిజిటల్‌కి మారారు. మీరూ మారండి మాస్టారూ, తీసింది అప్పటికప్పుడు చూసుకోవచ్చు అంటే, “చూసుకుంటూ తీస్తే, మనకి తెలిసిందే తీస్తాం” అనేవారు. చివరి సినిమా ఏళ్ళ తరబడి తీశారు. రంగు తేడా రాకుండా మొత్తం ఒకేసారి కడిగించాలని పట్టు. అప్పటిదాకా ఫిల్ము చల్లగా ఉండాలి. ఆయన ఫ్రిజ్ నిండిపోయింది. ఇక మన ఇళ్ళ మీద పడ్డారు. గుమ్మంలో కాలు పెడుతూనే, మంచీ లేదు చెడ్డా లేదు, “అమ్మాయ్, కూరల అరలో చోటుందా?” నల్ల టేపు చుట్టిన రేకు డబ్బా, క్యారెట్ల పక్కన. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఆ డబ్బాలున్నాయి. ఈలోగా ల్యాబులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ సినిమాని ఎవరూ చూడలేదు. తీసినాయన కూడా చూడలేదు. చూడకుండానే పోయారు.

పోయిన మర్నాడు మాస్టారి అక్కగారు తన ఇంట్లో ఉన్న డబ్బా బయటికి తీశారు. తమ్ముడు చుట్టిన టేపు కదా, చిరగకుండా గోళ్ళతో ఒలిచారు. కిటికీ దగ్గర నిలబడి, చుట్ట విప్పి, వెలుగుకి పట్టి చూశారు. నాకు కబురు పెట్టి, “అన్నయ్యా, నా చూపు మందగించింది, వాడేం తీశాడో నువ్వు చూసి చెప్పు” అన్నారు. చూశాను. ఏమని చెప్పను? ఆ డబ్బాలో ఉన్నది ఆవిడే. తల దువ్వుకుంటుండగా తీశారు. నాకు తెలుసు, ఆ రోజు పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఆ ఫిల్ము మీద ఆవిడ లేరు.

అక్కగారూ, తల దించుకోకండి. ప్రేమ ఉంది కాబట్టే తెరిచారు. పరాయివాళ్ళయితే చెత్తలో పడేసేవాళ్ళు.

కానీ నాకు భయంగా ఉంది. నిన్న ఒకాయన ఫోను చేసి, “పెద్దాయనా, ఫ్రిజ్ మారుస్తున్నాం, ఈ డబ్బాలో ఏముందో ఓసారి చూడనా?” అన్నాడు. వద్దు నాయనా. మీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. పిల్లలకి చెప్పండి, కోడళ్ళకి చెప్పండి, ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినవాడికి చెప్పండి. కడిగే ల్యాబు ఎక్కడైనా మిగిలిందా? అడిగినచోటల్లా “లేదండీ” అంటున్నారు. దొరికేదాకా నేనుంటానా? ఉండననే అనిపిస్తోంది. దొరికినా, ఇన్నాళ్ళకి బొమ్మ మిగిలుంటుందా? ఏమో. మరెందుకు దాచాలి అంటారా? నా దగ్గర బతిమాలుకోవడం ఒక్కటే ఉంది. తెరిస్తే మాత్రం ఆయన రెండోసారి పోతారు. ఈసారి మన చేతుల మీదుగా పోతారు.

ఇక లేవండి. అక్కగారికి ఎవరైనా చెయ్యి అందించండి. కళ్ళు మూసుకుని, మాటా పలుకూ లేకుండా నిలబడదాం. ఆయన ఎవరికి ఎలా కనిపిస్తే అలా కనిపించనివ్వండి. నేను చెప్పేదాకా ఎవరూ తెరవకండి.