కక్కసు గుంతలో దొరికిన కుండ

నేను యాభై దాటినాక వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు ఇంకా నా మాట వినవు. ఒక పేజీ రాసేదానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకొని చదవండి. పలికిన మాటలు మాత్రం పలికినట్టే రాసినాను.

1981 ఎండాకాలం. సదుం దగ్గర మా పల్లె, మా ఇంటి పెరడు. మునికృష్ణ నా కొడుకు. దేవిక మారిషస్ నుంచి వచ్చి తిరుపతిలో పురాతత్వం చదివే తెలుగు పిల్ల, సెలవుల్లో మా ఇంట్లో ఉండింది.

"దాన్ని కింద పెట్టు మునికృష్ణా."

"యాల మా? దండ వేస్తాండా, కనపళ్ళా?"

"కుండకు దండేంది రా?"

"కుండ గిండ అనొద్దు. మూడువేల ఏండ్ల నాటిది. నువ్వే చెప్పు దేవికమ్మా, మా యమ్మకు."

"అవునండీ. ఇది ఇనుప యుగమునకు చెందినది కావచ్చును. లోపల ఇనుప ముక్క కూడా కలదు."

"ఈ పిల్ల నోరు తెరిస్తే రేడియోలో వార్తలు విన్నట్టే ఉంటాది."

"మా బడిలో తెలుగు ఇట్లే నేర్పెదరు, బయ్యమ్మగారూ."

"సరే తల్లీ. ఒరే, నేను మొన్ననే చెప్తి కదరా, ఆ మూల తవ్వొద్దని."

"యాల అంటే చెప్పలేదు కదమా! ఈ పిల్ల చెంబెత్తుకోని చేలోకి పోలేక ఏడస్తాంటే, కక్కసు గుంత యాడ తవ్వేది?"

"ఇంటి ముందర తవ్వమంటి."

"ఇంటి ముందర కక్కసా?"

"సర్లే. ఇప్పుడు దాన్ని మళ్ళా పూడ్చిపెట్టు."

"పూడ్చేదా! దేవికమ్మ టెలిగ్రామ్ ఇస్తే వాళ్ళ సార్ పుంగనూరు బస్సుకు వస్తాండాడు. ఫోటోలు తీసే గంగాధరాన్ని గూడా మదనపల్లి నుంచి రమ్మన్యా."

"ఫోటోనా? దానికా?"

"దానికీ, నాకూ. పక్కపక్కన."

"దేవుడా."

"ఏందిమా, పొద్దున్నుంచి దాన్ని చూస్తానే మొగం తిప్పుకుంటాండావు?"

"ఏం లేదు. ఎద్దులకు నీళ్ళు పెట్టినావా?"

"పెట్టినా."

"అయితే బస్సు కాడికి పో."

"బస్సుకు ఇంకా శానా సేపు ఉండాది."

"గడ్డం గీసుకో. ఫోటో అంటివే."

"అదీ నిజమే."

"...పోయినాడా?"

"వెళ్ళినారు. గుసగుసలాడుచున్నారేమి బయ్యమ్మగారూ?"

"దగ్గరికి రా పాపా. సముద్రం దాటి వచ్చింది సచ్చినోళ్ళ కుండలు ఏరేదానికా నువ్వు?"

"మా నాన్నగారూ ఇట్లే అన్నారు. నర్సు కమ్మన్నారు. ఇక్కడి ప్రభుత్వము స్కాలర్‌షిప్ ఇచ్చినది కనుక ఊరుకున్నారు. ఇది మూడవ సంవత్సరము. సొంతముగా ఒక రిపోర్టు వ్రాయవలెను. మీరు పాండవుల గుళ్ళు అందురే, ఆ రాతి సమాధుల చుట్టూ గుట్టంతా తిరిగితిని. మేకల పెంటికలు తప్ప ఏమీ దొరకలేదు."

"అవి దండిగా దొరుకుతాయి."

"ఈ కుండే ఇప్పుడు నా ప్రాణము. ఇది లేనిచో ఫెయిలు. ఫెయిలైతే స్కాలర్‌షిప్ పోవును. ఇంటికి పోయి నర్సు."

"నర్సు మంచిదే కదా?"

"రక్తము మాట విన్నంతనే నాకు కళ్ళు తిరుగును."

"అయ్యో. అయితే నేను చెప్పేది ఎట్ల వింటావో ఏమో."

"ఏమిటండీ అది?"

"దాని అంచుకు ఒక పక్క పెచ్చు ఊడింది, చూసినావా?"

"చూచితిని. బహుశా ఏదో యుద్ధములో..."

"యుద్ధమే. సంగటి ఉండలు కట్టిందని మా అత్త తెడ్డుతో కొట్టింది. నేను పక్కకు జరిగితే కుండకు తగిలింది."

"మీ అత్తగారా? మూడువేల సంవత్సరముల క్రిందటనా?"

"మా అత్త డెబ్బై ఏండ్లకే పోయింది. అది మా వంటింటి కుండ తల్లీ."

"మరి ఆ ఇనుము?"

"మా నాగలి కర్రు ముక్క."

"వంటకుండను పాతిపెట్టుట దేనికి?"

"అదే... ఎట్ల చెప్పేది."

"చెప్పండి! సార్ వచ్చుచున్నారు!"

"ఆడోళ్ళ సంగతి. బిడ్డ పుట్టినాక, బిడ్డ యెనకాలే మాయ పడతాది చూడు... కూర్చో, కూర్చో. పడిపోతావు. ఇంద, ఈ నీళ్ళు తాగు."

"అందులో... రక్తము..."

"ఇప్పుడు యాడుండాది, అంతా మన్నయిపోయింది. ఆ మాయను కొత్త కుండలో పెట్టాల. మా అత్త పిసినారిది, ఊరికే పోతాదని పెచ్చు ఊడిందాంట్లో పెట్టింది. పసుపు, ఉప్పు, వేపాకు వేసి, గాలీ ధూళీ సోకకుండా ఇనుపముక్క వేసి, మూత పెట్టి ఇంటెనకాల పాతిపెడతారు. ఏం పాపా, ఏడస్తాండావా?"

"లేదు. పసుపు, ఉప్పు, వేపాకు అంటిరా?"

"ఊ."

"ఇనుము?"

"ఊ."

"మా తమ్ముడు పుట్టినపుడు మా అవ్వ ఇట్లే చేసినది! చెరకు తోట పక్కన. చెరకు కొట్టు కత్తి విరిగిన ముక్క వేసినది. నేను చూడబోతే కట్టె తీసుకొని తరిమినది."

"మీ దేశంలోనా?"

"మా వాళ్ళు ఓడ ఎక్కి నూరేండ్లయినది. ఏ ఊరి నుండి పోయిరో ఆ ఊరి పేరు కూడా మరచినారు. ఇది మాత్రము మరువలేదు!"

"కాన్పులు ఆగుతాయా ఏంది, మరిచిపోయేదానికి?"

"బయ్యమ్మగారూ, ఇదే నా రిపోర్టు! రాజుల సమాధుల గురించి అందరూ వ్రాసెదరు. ఇక్కడి కుండ, అక్కడి కుండ కలిపి మా క్లాసులో ఎవరు వ్రాయగలరు?"

"రాసుకో తల్లీ. ఇంక ఫెయిలు కావు కదా? మంచిది. లోపలికి పోదాం పా."

"కానీ మీరు సార్‌తో చెప్పవలెను."

"నేనా? మొగోనితోనా?"

"నేను చెప్పినచో ఊహించి చెప్పితిననుకొనెదరు. పాతిపెట్టిన ఇంటివారే చెప్పవలెను."

"కట్టుకున్న మొగునితోనే ఈ మాట ఒకనాడూ అని ఎరగను. కన్నకొడుకుతో చెప్పలేకనే కదా ఆ మూల వద్దు, వద్దు అంటాండింది!"

"అయితే నర్సు."

"అట్ల అనొద్దు పాపా."

"రక్తము, సూదులు, కట్లు..."

"అనొద్దంటి కదా!"

"పోనీ ఇది చెప్పండి. మీకు ముగ్గురు బిడ్డలు కదా. ఇది ఏ బిడ్డది?"

"అది మాత్రం అడగొద్దు."

"మా! బస్సు గుట్ట మలుపు తిరిగింది! గంగాధరం ముందుగానే వచ్చేసినాడు, బయట టీ తాగుతాండాడు. ఏందిమా, కుండకు దండ ఎవురు తీసేసింది?"

"నేనే తీసినా. మునికృష్ణా, దానికి దండం పెట్టొద్దు నాయనా."

"పెడతా. పెట్టేసినా. సార్ రాగానే నేనే మాట్లాడతా. దీన్ని పంచాయతీ ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టాల. కింద నా పేరు రాయాల."

"నీ పేరా?"

"తవ్వింది నేను కదా! ఏ మహారాజుదో, సేనాపతిదో. నవ్వొద్దు దేవికమ్మా. నిజం చెప్తాండా మా, గుంతలో నుంచి రెండు చేతులా పైకెత్తితినా, ఒళ్ళంతా జలదరించింది. దానికీ నాకూ ఏదో రుణానుబంధం ఉన్నట్టు."

"బయ్యమ్మగారూ, సార్ బస్సు దిగినారు. చెప్పెదరా? నన్ను నర్సును చేసెదరా?"

"ఉండు తల్లీ. ముందు ఇంట్లో మొగోనితో అని నోరు అలవాటు చేసుకుంటా, ఆ పైన మీ సార్‌తో అంటా. మునికృష్ణా, ఇట్ల కూర్చో."

"యాల మా?"

"కూర్చో అంటి కదా. రుణానుబంధం ఉండకుండా యాడికి పోతాది నాయనా, ఇరవై ఆరేండ్ల కింద నువ్వు పుట్టినాక నీ యెనకాలే పడిన మాయ అది."

బయ్యమ్మ, యాభై ఎనిమిదేండ్లు. ఇప్పుడు కుప్పంలో మా కొడుకు కాడ ఉంటాండాను.