గాజు సీసాకు అనుమతి ఇవ్వలేదన్నాను

నా పేరు కార్మినే లొఫ్రెదో. వయసు యాభై ఎనిమిది. వృత్తి రొట్టెలు కాల్చడం. దక్షిణ ఇటలీలో మోంతెఫాల్కా ఊరి పిల్లల జైల్లో పదకొండేళ్లుగా కుర్రాళ్లకు ఆ పని నేర్పుతున్నాను. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే వచ్చి మేజిస్ట్రేటు గారికి చెబుతున్నాను.

నున్జియో పలాదినోకి ఇరవై ఒకటి. పదిహేడేళ్లప్పుడు చేసిన దోపిడీకి శిక్ష. ఇరవై అయిదు నిండేదాకా మా దగ్గరే ఉండొచ్చు. తప్పు చేస్తే మాత్రం పెద్దల జైలుకు పంపేస్తారు. నా దగ్గర మూడేళ్లు పనిచేశాడు. తిక్క మనిషే, కానీ పిండి ముందు నోరెత్తడు.

మా రొట్టె గాజు సీసాలో దాచే పులిసిన పాత పిండితో చేస్తాం. దానికి రోజూ ఇంత గోధుమపిండీ నీళ్లూ కలపకపోతే చచ్చిపోతుంది. ఈస్టరు ముందు శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి, మంగళవారం దాకా సెలవని చెప్పాను.

"మరి దీని గతేంటి మేస్త్రీ?" అన్నాడు నున్జియో.

"పక్కలో వేసుకుని పడుకోరా, నీ పెళ్లామేగా," అన్నాను.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. నేను చూశాను, వాడు నవ్వలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు గదులు సోదా చేస్తే, వాడి మంచం కింద మేజోళ్లలో చుట్టిన పిండి సీసా దొరికింది. గదిలో గాజు ఉంటే ఆయుధం కిందే లెక్క.

మంగళవారం ఎనిమిదింటికి మా జైలు డైరెక్టరమ్మ గారు వాడి ముందే నన్నడిగారు. "మీరు అనుమతిచ్చారా?"

"లేదండీ," అన్నాను. నా పని పోతుందని భయమేసింది. పక్కలో వేసుకోమన్నానని చెప్పలేదు. ఆ మాట చెప్పలేదు.

"మేస్త్రీకేం సంబంధం లేదు," అన్నాడు నున్జియో.

సీసా చెత్తబుట్టలో ఉంది. మూత తీసి చూశాను. పిండి బతికే ఉంది. బుధవారం మధ్యాహ్నం వాణ్ణి వ్యాను ఎక్కించారు.

పెద్దల జైలుకు రెండుసార్లు వెళ్లాను. బంధువుని కానని లోపలికి పంపలేదు. నిన్న పదకొండింటికి సంతలో వాళ్లమ్మ కనబడింది.

"బాగా చూసుకుంటున్నారు అన్నా. వాడి గదిలో పెద్దాయన కొత్త బూట్లు ఇప్పించాడట," అంది సంతోషంగా.

"ఎందుకమ్మా?"

"మనసున్న మనిషి."

ఆ మనిషి పేరు చెప్పింది. ఊరందరికీ తెలిసిన ముఠా నాయకుడి పేరే. ఆయన ఊరికే ఎవరికీ మంచినీళ్లు కూడా ఇవ్వడు. ఈవేళ ఇక్కడికి వచ్చాను.

రాసింది చదివి వినిపించారు. నేనన్నది అన్నట్టే ఉంది, ఇందులో కల్పించింది లేదు. సంతకం పెడితే వాణ్ణి వెనక్కి తెస్తారా అని అడిగాను. అది ఈ కాగితంలో రాసే సంగతి కాదన్నారు. అడిగానని అయినా రాయమన్నాను. రాశారు.

(సంతకం) కార్మినే లొఫ్రెదో