ఆరు అంకెలకి రెండు దెబ్బలు

"నాయనమ్మా, ఆరు లెక్కపెట్టి రెండే దెబ్బలు కొట్టమంటాడేంది మా కీబోర్డు సారు?"

ఏమే, నన్నా అడిగేది? ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. ఆ ఫోనెందుకే? ఓహో, నా మాటలు పట్టుకుంటదా. పట్టుకోనీ.

నేను పెళ్ళయి సత్తెనపల్లి పక్కన ఈ ఊరొచ్చేటప్పటికి యుద్ధం రోజులు. కిరసనాయిలు కూడా కార్డు మీదే పోసేవాళ్ళు. కొత్త కోడల్ని, చానా సిగ్గు. చర్చిలో అందరూ పాడుతుంటే నా నోరు పెగిలేది కాదు. నవ్వమాకే, ఇప్పుడింత వాగుతున్నానని! మిషను బడి పంతులుగారు, హార్మోనీ ఆయనే వాయించేవాడులే, కంచు తాళాలు నా చేతికిచ్చాడు. "నోరు లేకపోతే చేతులున్నాయిగా అమ్మాయ్" అని. పేట బజార్లో రెండు రూపాయలకి కొన్నారంట ఆ జత... రెండా, రెండున్నరా? మీ తాతుంటే చెప్పేవాడు. సరే, అవి చేతిలో ఉంటేనే నేను చర్చిలో ఒక మనిషిని. లేకపోతే మూలన కూర్చున్న ముసుగే.

క్రిస్మస్‌కి కొత్త పాట తెచ్చాడాయన. ఉయ్యాల ఊగినట్టుంటది. ఆరు లెక్కపెట్టి, ఒకటికీ నాలుగుకీ తాళం వెయ్యాలి. నేనేమో ఒకటికీ, మూడుకీ, ఐదుకీ! పాట కుంటేది. "పండగ లోపల రాకపోతే మరియమ్మకిస్తా" అన్నాడు. మరియమ్మంటే నా తోటికోడలు. తాళాలందుకోటానికి అప్పుడే చేతులు తుడుచుకుంది మహాతల్లి.

మర్నాడు అరిసెల పిండి దంచుతున్నాం, అత్తా, మరియమ్మక్కా, నేనూ. ఒక్క రోట్లో మూడు రోకళ్ళు. మా పుట్టింట్లో అమ్మా నేనూ ఇద్దరమేగా, ఆమెదో పోటు, నాదో పోటు, చేతికి అదే అలవాటు. అత్త రోకలి లేవకముందే నాది దిగింది. రోకలికి రోకలి తగిలి ఠక్కుమంది.

"ఏమే, మీ అమ్మతో దంచుతున్నావా? ముగ్గురమిక్కడ. మా ఇద్దరి పోట్లూ పడనిచ్చి నీది వెయ్యి" అంది అత్త. మరియమ్మక్క పకపకా నవ్వింది.

సరేనని లోపల లెక్కపెట్టా. నాది ఒకటి, అక్కది రెండు, అత్తది మూడు. మళ్ళీ నాది... నాలుగు! ఆరు పోట్లలో నావి రెండే! మిగతా నాలుగూ లేకుండా పోలేదే, అవి వాళ్ళవి. అవి పడుతుంటే నేను చెయ్యెత్తి వింటుండాలి, అంతే. రోకలి గాల్లో పట్టుకుని అట్టాగే నిలబడిపోయా. "పిల్లకేదో అయిందే" అంది అత్త.

పండగ పొద్దున కళ్ళు మూసుకున్నా. మనుషుల్ని చూస్తే సిగ్గుతో చెయ్యి ఆగుద్దని. ఒకటికి నాది, నాలుగుకి నాది, మధ్యలో వాళ్ళవి. ఎంత బాగా నడిచిందో పాట! కానీ పాట అయిపోయి అందరూ ఆపేశారు, నేను చూళ్ళా. చర్చంతా నిశ్శబ్దం, నా తాళాలు మాత్రం ఇంకో రెండు దెబ్బలు మోగినై.

అందరూ ఘొల్లుమన్నారు. ముసుగు గడ్డం దాకా లాక్కున్నా, తాళాలు అక్క ఒళ్ళో పెట్టేశా. ఇక నాకియ్యరనుకున్నా.

పంతులుగారు హార్మోనీ కాడ నుంచే, "నవ్వమాకండి. ఆ రెండూ కూడా పడాల్సిన చోటే పడ్డాయి" అన్నాడు.

మరియమ్మక్కే నా ముసుగు ఎత్తి, తాళాలు మళ్ళీ నా చేతిలో పెట్టింది.

నీకూ వస్తదిలే తల్లీ, నీ చేతులు సల్లగుండ. రాకపోయినా నా మనవరాలివే, ఏం చేస్తాం మరి...